నెత్తుటిలోని చక్కెరకు కొలబద్ద

కృష్ణానది పశ్చిమ డెల్టాయందు, తెనాలినుండి బాపట్లకు పోవు రైలుమార్గముపై చుండూరు కలదు. ఆ గ్రామము చుట్టును కనుచూపు మేరవఱకు వరిచేలు. ఆ చేలకు ప్రాణము కాలువ నీరు. విజయవాడయొద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది. 1957లో దాని బదులు ప్రకాశం బ్యారేజి వెలసినది. నాటినుండి నేటివఱకును కృష్ణనీరు సీతానగరము వైపున ప్రధాన కాలువలో ప్రవేశించి, దుగ్గిరాల లాకులయొద్ద శాఖలుగా చీలి, తుదకు చేని గట్టునగల సన్నని బోదెలలోనికి వచ్చుచున్నది. లాకులయొద్ద అంకెలు గుఱుతులు పెట్టిన కొలబద్దలుండును. లస్కరు వానిని చూచి నీటిమట్టమును పుస్తకములో వ్రాసికొనును. మట్టము తగ్గినచో చేలెండును. మీఱినచో గట్లు తెగును. కావుననే కొలబద్దను కనిపెట్టి యుండుట అంత ముఖ్యమైన పని.

మనుష్యుని దేహమందును ఇట్టి కాలువలు కలవు. పెద్ద రక్తనాళములు కాలువలవంటివి. వెండ్రుకకంటె సన్ననివగు కేశనాళికలు బోదెలవంటివి. ఆ కాలువలలో పాఱు నెత్తుటియందు ఒక విధమైన చక్కెర కరగియుండును. దానికి గ్లూకోజు అని పేరు. అన్నము, రొట్టె, దుంపలు మున్నగు వానిలోని పిండిపదార్థము ప్రేగులలో జీర్ణమై తుదకు గ్లూకోజుగా మాఱి నెత్తుటిలో చేరును. చేని నీటివలెనే ఈ చక్కెరయు ఒక హద్దులో నుండవలెను. ఆ హద్దు తప్పినపుడు కలుగు హాని యెట్టిది? రేయింబవళ్లు ఆ మట్టమును కనిపెట్టి యుండుటకు శాస్త్రజ్ఞులు కల్పించిన సాధనమెట్టిది? ఆ సాధనము చెప్పుమాటను ఎంతవఱకు నమ్మవచ్చును? ఇవి తెలిసికొనదగిన సంగతులు.

ఆరోగ్యవంతుడు రాత్రి భుజించి, తెల్లవారి ఏమియు తినకముందు నెత్తురు పరీక్షింపించుకొన్నచో, 100 మిల్లీలీటర్ల నెత్తుటిలో సుమారు 70 మొదలు 99 మిల్లీగ్రాముల గ్లూకోజుండును. పెద్దవాని దేహమున సుమారు 5 లీటర్ల నెత్తురున్నదనుకొన్నచో, ఆ నెత్తుటియందంతటను కలసి యున్న గ్లూకోజు దాదాపు నాలుగైదు గ్రాములు మాత్రమే. అనగా ఒక చిన్న చెంచాడు చక్కెర! ఆ చెంచాడు చక్కెర పైననే మెదడు పనిచేయుట, గుండె కొట్టుకొనుట, కాళ్లు నడచుట చాలవఱకు ఆధారపడియున్నవి.

గ్లూకోజు దేహమునకు వంటచెఱకువంటిది. కణములు దానిని మెల్లమెల్లగ దహించి, వెలువడిన శక్తిని ఏ.టి.పి. అను పదార్థమునందు దాచుకొనును. కండరము కదలినను, నరము స్పందించినను ఖర్చగునది ఆ ఏ.టి.పి.యే. ఈ పదార్థమును 1929లో కనుగొన్న వారిలో తెలుగు బిడ్డయైన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. ఆయన భీమవరమున 1895లో జన్మించి, 1923లో అమెరికాకేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలసి పరిశోధనలు చేసెను. నెత్తుటిలోను, మూత్రములోను గల భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురును 1925లో ప్రకటించిరి. ముందు కొలుచుట నేర్చిరి. ఆ కొలతయే వారిని క్రొత్త సత్యములవద్దకు నడపించెను. శాస్త్రచరిత్రలో ఇది తఱచు కానవచ్చు క్రమము.

భోజనము చేయగనే నెత్తుటిలో గ్లూకోజు పెరుగును. అప్పుడు కడుపు వెనుకనుండు క్లోమమను గ్రంథి ఇన్సులిన్ అను రసమును విడుచును. ఇన్సులిన్ కణముల తలుపులు తెఱపించి గ్లూకోజును లోనికి పంపును. మిగిలినదానిని కాలేయము తనలో నిలువ చేసికొనును. రాత్రి నిద్రలో ఆహారము లేని సమయమున గ్లూకోజు తగ్గజూచినచో, అదే క్లోమము గ్లూకగాన్ అను వేఱొక రసమును విడుచును. దాని ప్రేరణచే కాలేయము తన నిలువనుండి గ్లూకోజును నెత్తుటిలోనికి వదలును. ఆరోగ్యవంతుని దేహమున ఈ తూములు తెఱచుట, మూయుట క్షణక్షణమును దానంతటదియే జరిగిపోవుచుండును. అట్టి వ్యవస్థ తనలో నున్నదని కూడ ఆతడు తలపడు.

ఈ వ్యవస్థ చెడినపుడు కలుగు వ్యాధియే మధుమేహము. ఇది ముఖ్యముగా రెండు విధములు. మొదటి విధమున దేహరక్షణకై యున్న కణములే పొరబడి, ఇన్సులిన్ చేయు కణములను నాశనము చేయును. ఇది తఱచు బాల్యమునందో యౌవనమునందో బయటపడును. ఈ వ్యాధి గలవారికి ఇన్సులిన్ సూదిమందు లేనిదే బ్రదుకు లేదు. రెండవ విధమున ఇన్సులిన్ ఉన్నను కణములు దాని మాటను సరిగా వినవు. క్రమముగా ఇన్సులిన్ కూడ చాలకపోవును. ఇది ఎక్కువగా పెద్దవారికి వచ్చును. వంశము, స్థూలకాయము, శరీరశ్రమ లేమి దీనికి దోహదము చేయును. చక్కెర చాలకాలము హద్దుమీఱి యున్నచో కన్నులలోని సన్నని రక్తనాళములు, మూత్రపిండములు, పాదముల నరములు, గుండె దెబ్బతినును. ఈ హాని నొప్పిలేకయే మెల్లగ జరుగుటచేత చాలమందికి ఆలస్యముగా తెలియును.

మధుమేహము పట్టణవాసుల జబ్బని, పొలము పనిచేయువారికి రాదని పూర్వము చాలమంది తలచెడివారు. ఉభయ గోదావరి జిల్లాల పల్లెలలో జరిపి 2006లో ప్రకటించిన ఒక పరిశోధన ఆ తలపును చెఱిపివేసినది. ఆ పల్లెలలో 30 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు 13 మందికి మధుమేహమున్నట్లు తేలినది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటను జరిపించిన సర్వే ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము భారతదేశమున సుమారు 10 కోట్ల మందికి మధుమేహము కలదు. దాని వాకిట నిలిచియున్నవారు ఇంకను 13 కోట్లకు పైబడియున్నారు. కనుక నెత్తుటిలోని చక్కెరను కొలుచుట ఏ కొందఱికో సంబంధించిన విషయము కాదు.

ఈ కొలత ఒక్కనాడు పుట్టినది కాదు. మూత్రము తేనెవలె తియ్యనగు వ్యాధిని చరక సుశ్రుతుల గ్రంథములు ఏనాడో వర్ణించినవి. మధుమేహమను పేరు ఆ తీపినిబట్టియే వచ్చినది. రోగి మూత్రమునకు చీమలు పట్టుటను చూచి ప్రాచీన వైద్యులు వ్యాధిని గుర్తించెడివారు. 1776లో ఇంగ్లండు దేశపు వైద్యుడు మాథ్యూ డాబ్సన్, ఆ తీపికి కారణము చక్కెరయేననియు, రోగి నెత్తురు సైతము తియ్యగనుండుననియు తెలియజేసెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున బెనెడిక్టు అను రసాయనజ్ఞుడు నీలిరంగు ద్రావణము నొకదానిని తయారుచేసెను. అందు మూత్రపు బొట్లు వేసి కాచినచో, చక్కెర కొలదిగ ఉన్నపుడు ఆకుపచ్చగను, హెచ్చుగ ఉన్నపుడు ఇటుకరంగుగను మాఱును. పాఠశాలల ప్రయోగశాలలలో ఈ ప్రయోగము నేటికిని చేయుచున్నారు.

అయితే మూత్రపరీక్షకు ఒక లోపము కలదు. నెత్తుటిలో గ్లూకోజు సుమారు 180 దాటినపుడు మాత్రమే మూత్రపిండములు దానిని వెలికి వదలును. అది గట్టు దాటి పొర్లిన నీటిని చూచి కాలువ మట్టమును ఊహించుటవంటిది. గట్టు లోపల నీరెంతయున్నదో అది చెప్పలేదు. కాలువ ఎండిపోయినను చెప్పలేదు. కావున నెత్తుటినే పరీక్షించు సాధనములు వచ్చినవి. 1960 తరువాత, వ్రేలికొన గ్రుచ్చి ఒక్క బొట్టును కాగితపు పట్టీపై నుంచి, రంగుమార్పునుబట్టి చక్కెరను తెలిసికొను పద్ధతి వ్యాపించినది. పిమ్మట ఆ పట్టీని చదువు చిన్న యంత్రములు వచ్చినవి. నేడు పల్లెలలోని ఆరోగ్య కార్యకర్తల చేతిసంచిలో కూడ అట్టి యంత్రముండుట చూడవచ్చును.

వ్రేలికొన పరీక్ష మిక్కిలి ఉపయోగమైనదే. కాని అది ఒక్క క్షణమును మాత్రమే చూపును. గత రెండు మూడు నెలల సగటును తెలుపు పరీక్ష మఱొకటి కలదు, అదియు ఉపయోగమైనదే. ఐనను సగటు కొన్నిటిని దాచివేయును. ఒకని నెత్తుటిలో చక్కెర ఉదయము 140, మధ్యాహ్నము 140, రాత్రి 140 ఉన్నదనుకొందము. మఱియొకనికి ఉదయము 60, మధ్యాహ్నము 140, రాత్రి 220 ఉన్నవనుకొందము. లెక్కకట్టి చూడుడు, ఇరువురి సగటును 140యే. మొదటివాడు నిలుకడగా నున్నాడు. రెండవవాడు ఒక పూట పల్లమునకు జాఱి, ఒక పూట మిట్టకెక్కుచున్నాడు. ఇరువురికిని ఒకే మందు చెప్పుట తగునా? తగదని గణితమే చెప్పుచున్నది.

చక్కెర పెరుగుట మెల్లగ హాని చేయును. తగ్గుట క్షణములలో హాని చేయును. ఇన్సులిన్ తీసికొను బాలుడు సాయంకాలము ఎక్కువసేపు కబడ్డీ ఆడి, రాత్రి సరిగా భుజింపక నిద్రపోయినాడనుకొందము. అర్ధరాత్రి ఆతని నెత్తుటిలో గ్లూకోజు 70 కంటె దిగజాఱవచ్చును. మెలకువగా నున్నవానికి చెమట, వణకు, గుండెదడ, ఆకలి పుట్టి హెచ్చరించును. నిద్రించువానికి ఆ హెచ్చరిక అందకపోవచ్చును. 54 కంటె తగ్గినచో అది ప్రమాదస్థితి. ఇంకను తగ్గినచో మూర్ఛ రావచ్చును, ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. అందుచేత ఇట్టి పిల్లల తల్లులు నడురేయి లేచి, నిద్రించుచున్న బిడ్డ వ్రేలు గ్రుచ్చి చూచుకొనుట కలదు. వారి కష్టమును తగ్గించినదే నిరంతర కొలబద్ద.

దీనికి మూలమైన ఆలోచన 1962లో పుట్టినది. అమెరికా శాస్త్రజ్ఞుడు లీలాండ్ క్లార్కు అంతకుముందే నెత్తుటిలోని ప్రాణవాయువును కొలుచు ఎలక్ట్రోడును నిర్మించి యుండెను. ఎలక్ట్రోడు అనగా ద్రవములో ముంచినపుడు విద్యుత్తు ద్వారా సమాచారము నందించు లోహపు కొన. దానిపై గ్లూకోజు ఆక్సిడేజ్ అను ఎంజైమును పలుచని పొరగా నిలిపినచో గ్లూకోజును కూడ కొలువవచ్చునని క్లార్కు, ఆయన సహచరుడు ఛాంప్ లయన్సు ఆ సంవత్సరమున తెలియబఱచిరి.

ఎంజైమనగా జీవులలో రసాయనక్రియలను త్వరపెట్టు పదార్థము. ఒక్కొక్క తాళపుచెవి ఒక్కొక్క తాళమునకే పట్టినట్లు, ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పదార్థముపైననే పనిచేయును. ఒక జాతి నల్లబూజునుండి లభించు ఈ గ్లూకోజు ఆక్సిడేజ్, నెత్తుటిలోని వేలకొలది పదార్థములలో గ్లూకోజునే ఏఱుకొనును. అది గ్లూకోజును ప్రాణవాయువుతో కలిపి గ్లూకోనిక్ ఆమ్లముగను, హైడ్రోజన్ పెరాక్సైడుగను మార్చును. గ్లూకోజు ఎంత ఎక్కువయైనచో ప్రాణవాయువు అంత ఎక్కువ ఖర్చగును. పెరాక్సైడు అంత ఎక్కువ పుట్టును. క్లార్కు ఖర్చైన ప్రాణవాయువును కొలుచు మార్గమును చూపెను. తరువాతివారు పుట్టిన పెరాక్సైడును కొలిచిరి. పెరాక్సైడు ఎలక్ట్రోడును తాకినపుడు దానికి ఎలక్ట్రానులనిచ్చును. అదియే సన్నని విద్యుత్ప్రవాహము. ప్రవాహమును కొలిచినచో గ్లూకోజు తెలియును. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయమున ఆడం హెల్లర్ అను ఆచార్యుడు, ప్రాణవాయువుతో పనిలేకయే ఎంజైమునుండి ఎలక్ట్రానులు నేరుగ ఎలక్ట్రోడునకు ప్రవహించునట్లు రసాయనపు తీగెలను కల్పించెను. నేటి సెన్సరులలో కొన్ని మొదటి పద్ధతిని, కొన్ని రెండవ పద్ధతిని అనుసరించుచున్నవి.

ప్రయోగశాలలో పనిచేసిన సాధనము దేహములో పనిచేయుటకు చాలకాలము పట్టినది. దేహము పరాయి వస్తువును సహింపదు. దాని చుట్టును కణములు మూగి పొర కట్టును. ఎంజైము కాలక్రమమున బలహీనమగును. ఈ చిక్కులను దాటి, 1999లో మొట్టమొదటి నిరంతర గ్లూకోజు కొలబద్దకు అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చినది. అది మూడు దినములు కొలతలను తనలో దాచుకొనెడిది. పిమ్మట వైద్యుడు వానిని చూచెడివాడు. రోగి తన కొలతను అప్పటికప్పుడు చూచుకొను సాధనములు తరువాతి కొలది సంవత్సరములలో వచ్చినవి. వ్రేలు గ్రుచ్చి సరిచూడ నక్కఱలేకుండ, కర్మాగారముననే సరిదిద్దబడిన సెన్సరు ఐరోపాలో 2014లో వెలువడినది.

నేటి సెన్సరు చూచుటకు రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దదిగా, చదునుగా నుండును. దానిని దండచేతి వెనుక భాగమునగాని కడుపుపైగాని అంటింతురు. అంటించునపుడు ఒక సూది క్షణకాలము చర్మములో దిగి, మెత్తని సన్నని తీగెను లోపల నిలిపి వెలికి వచ్చును. సెన్సరులో తీగె మాత్రమే మిగులును, సూది యుండదు. ఎంజైము పూత ఆ తీగెకొననే యుండును. పైనున్న బిళ్ల తీగెలోని విద్యుత్తును అంకెగా మార్చి, తంతి లేకుండ ఫోనుకో ప్రత్యేకమైన చిన్న యంత్రమునకో పంపును. చాల సెన్సరులు 10 మొదలు 15 దినముల వఱకు పనిచేయును. అయిదు నిమిషముల కొకసారి కొలిచినచో దినమునకు 288 కొలతలు. అన్నిసార్లు వ్రేలు గ్రుచ్చుకొనుట ఎవ్వరికిని సాధ్యము కాదు.

ఇచట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఆ తీగె రక్తనాళములో నుండదు. చర్మము క్రింద కణముల నడుమ నుండు ద్రవములో నుండును. గ్లూకోజు కేశనాళికల గోడలనుండి ఊరి ఆ ద్రవమునకు చేరును. లాకులయొద్ద నీరు హెచ్చినను, చేని ప్రక్కనున్న బోదెలో మట్టము పెరుగుటకు కొంత సమయము పట్టును గదా! అట్లే నెత్తుటిలోని మార్పు ఆ ద్రవములో కనబడుటకు కొన్ని నిమిషములు, సాధారణముగా అయిదు మొదలు పది పదిహేను నిమిషములు పట్టును. చక్కెర నిలుకడగా నున్నపుడు రెండు కొలతలును దగ్గఱగా నుండును. భోజనము చేసిన వెంటనే, పరుగెత్తిన వెంటనే, అది వడిగా మాఱుచున్నపుడు వ్రేలికొన యంత్రమొక అంకెను, సెన్సరొక అంకెను చూపవచ్చును. అంతమాత్రమున ఏదియో చెడిపోయినదని తలపరాదు. ఒకటి కాలువను, ఒకటి బోదెను చూచుచున్నవి.

సెన్సరు నిజముగా పొరబడు సందర్భములును కలవు. సెన్సరున్న చేతిపై ఒత్తిగిలి పండుకొన్నచో, అచట ద్రవప్రసారము తగ్గి, చక్కెర తగ్గకున్నను తగ్గినట్లు తప్పుగా చూపవచ్చును. కొన్ని సెన్సరులను విటమిను సి ఎక్కువ మోతాదులోను, కొన్నిటిని జ్వరమునకు వాడు పారాసిటమాలును తప్పుదారి పట్టించును. అంటించిన మొదటి దినమున కొలత అంత నిలుకడగా నుండకపోవచ్చును. కావున ఒంటి లక్షణములకును సెన్సరు అంకెకును పొత్తు కుదరనపుడు వ్రేలికొన పరీక్ష చేసి నిర్ణయింపవలెనని వైద్యులు చెప్పుదురు. ఎంత మంచి సాధనమైనను దానిని సరిచూచు బుద్ధి మనుష్యునిదే.

సెన్సరు చూపునది అంకె మాత్రమే కాదు. దాని ప్రక్క నొక బాణపు గుఱుతు కూడ నుండును. 110 అని చూపి బాణము అడ్డముగ నున్నచో, చక్కెర నిలుకడగ నున్నది. అదే 110 చూపి బాణము నిలువుగ క్రిందికి దిగియున్నచో, కొలది నిమిషములలో అది 70కి జాఱవచ్చును. ఒక అంకె నేడున్న స్థలమును చెప్పును. బాణము పోవుచున్న దారిని చెప్పును. హద్దు దాటబోవునపుడు కొన్ని సాధనములు గంట మ్రోగించి నిద్రించువానిని, ప్రక్కగదిలోని తల్లిదండ్రులను మేల్కొల్పును. నడురేయి వ్రేలు గ్రుచ్చి చూచుకొను తల్లికి ఆ గంట ఎంతటి ఊఱటయో ఊహింపవచ్చును. ఇంకొక మెట్టు ముందుకుపోయి, సెన్సరు కొలతనుబట్టి ఇన్సులిన్ మోతాదును తానే హెచ్చించి తగ్గించు పంపులును వచ్చినవి. అట్టి మొదటి సాధనమునకు అమెరికాలో 2016లో అనుమతి లభించినది. ఐనను భోజన సమయమున ఎంత తినుచున్నదియు దానికి మనుష్యుడే చెప్పవలసి యుండెను.

ఈ నిరంతర కొలతవలన వైద్యులకు ఒక క్రొత్త లెక్క చేకూరినది. దినమునందలి 24 గంటలలో ఎన్ని గంటలు చక్కెర 70కి 180కి నడుమ నుండెనో లెక్కింతురు. మధుమేహము గల పెద్దవారిలో చాలమందికి నూటికి 70 వంతులకు మించిన కాలము, అనగా దాదాపు 17 గంటలు, ఆ హద్దులలో నుండవలెననియు, 70కి దిగువన దినమునకు ఒక గంటకంటె తక్కువయే గడువవలెననియు 2019లో పలుదేశముల వైద్యనిపుణులు నిర్ణయించిరి. సగటు దాచిపెట్టిన మిట్టపల్లములను ఈ లెక్క బయటపెట్టును.

చుండూరు ప్రాంతమున కొలబద్ద చెప్పు సంగతులలో ముఖ్యమైనది అన్నమును గూర్చినది. ఆ ప్రాంతమునకు చేరువనున్న బాపట్లలో వ్యవసాయ శాస్త్రజ్ఞులు సృష్టించి, 1986లో విడుదల చేసిన సన్నరకపు వరి సాంబ మసూరి. దానికి బి.పి.టి. 5204 అని సంఖ్య. రైతులు దానిని బీపీటీ యనియే పిలుతురు. దాని అన్నము రుచికి, మెత్తదనమునకు పేరుగన్నది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమును, వరి పరిశోధన సంస్థయు కలసి ఆ వరికి బాక్టీరియా ఎండుతెగులును తట్టుకొను శక్తి నిచ్చి, మెఱుగుపఱచిన సాంబ మసూరిని సిద్ధము చేసినవి. అది 2008లో విడుదలయైనది.

తరువాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో దాని అన్నము తినినపుడు నెత్తుటిలో చక్కెర ఎంత వడిగా పెరుగునో పరీక్షించిరి. ఇట్టి పరీక్షలో ఒక పదార్థమును తినిపించి, రెండు గంటలవఱకు పలుమాఱులు నెత్తురు తీసి కొలిచి, ఆ పెరుగుదలను వట్టి గ్లూకోజు త్రాగినప్పటి పెరుగుదలతో పోల్చుదురు. వట్టి గ్లూకోజునకు 100 అని పెట్టుకొన్నచో, 55 లేక అంతకు తక్కువ వచ్చినవి మెల్లగ జీర్ణమగు పదార్థములు. 70, ఆపైన వచ్చినవి వడిగా జీర్ణమగునవి. మెఱుగుపఱచిన సాంబ మసూరికి వచ్చిన సంఖ్య సుమారు 51. తెగులును గెలుచుటకై పుట్టిన వరిలో ఇట్టి సుగుణము కూడ నున్నట్లు కొలతవలననే తెలిసినది.

అంతమాత్రమున ఆ అన్నమును ఎంతయైనను తినవచ్చునని అర్థము కాదు. మెల్లగ పాఱు నీరైనను ఎక్కువసేపు వదలినచో చేను మునుగును. తిన్న పరిమాణమే ముఖ్యము. అన్నము తగ్గించి పప్పు, ఆకుకూరలు, కాయగూరలు హెచ్చించినను, భోజనానంతరము కొంతసేపు నడచినను చక్కెర పెరుగుదల తగ్గుటను సెన్సరు గీతలో స్పష్టముగ చూడవచ్చును. పెద్దలు చెప్పినపుడు చెవికెక్కని మాట, తన గీతలోనే తాను చూచుకొన్నపుడు మనసుకెక్కును. సెన్సరు చేయు మేలులో ఇది గొప్పది.

దీనికి వ్యయము తక్కువ కాదు. పది పదిహేను దినములు పనిచేయు ఒక్కొక్క సెన్సరు కొన్నివేల రూపాయలగుచున్నది. కూలిపని చేసికొను కుటుంబమున కది భరింపరాని భారము. కావున కొందఱు వైద్యులు ఎల్లప్పుడును గాక, మందు మార్చునపుడు రెండు వారములు మాత్రము పెట్టుకొమ్మని చెప్పుచుందురు. ఇన్సులిన్ పైననే బ్రదుకు పిల్లలకు మాత్రము అది అప్పుడప్పుడుండి లేకపోవుట చాలదు. ప్రతిదినము తూమును చేతితో తిప్పుకొనవలసిన వానికి ప్రతిదినమును కొలబద్ద కావలెను. అట్టి పిల్లలకు దీనిని చౌకగా నందించుట శాస్త్రజ్ఞులు, ప్రభుత్వములు సాధింపవలసిన కార్యము.

వ్యయము తప్పించుకొనవలెనను ఆశను మోసగాండ్రు వాడుకొందురు. చర్మమును గ్రుచ్చకయే చక్కెరను కొలుచునను గడియారములు, ఉంగరములు బజారులో అమ్మజూపుచున్నారు. అట్టి గడియారమునకు గాని ఉంగరమునకు గాని తాము అనుమతి నీయలేదనియు, వానిని నమ్మి మందు మోతాదు మార్చుట ప్రమాదమనియు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించినది. తప్పుడు కొలబద్ద, కొలబద్ద లేకపోవుటకంటె కీడు చేయును.

తరగతిలో సహాధ్యాయి చేతిపై ఇట్టి బిళ్ల కనబడినపుడు విద్యార్థులు ఎట్లు ప్రవర్తింపవలెను? అది అంటువ్యాధి గుఱుతు కాదు, మధుమేహము అంటుకొనదు. దానిని లాగుట, దానిపై కొట్టుట, పరిహసించుట తప్పు. పాఠశాలలో ఫోను తేరాదను నియమము మంచిదే. కాని సెన్సరు కొలతను చూచుటకు ఫోను వాడువానికి అది ఆటవస్తువు కాదు, ప్రాణరక్షణ సాధనము. ఆ సంగతి ఉపాధ్యాయులు, సహాధ్యాయులు గ్రహింపవలెను. పాఠము నడుమ ఆతడు బెల్లపుముక్కయో చక్కెరయో నోట వేసికొన్నచో, అది తిండిపోతుతనము కాదు.

చక్కెర తగ్గినవానికి చెమటపట్టి, చేతులు వణకి, మాట తడబడినచో, తెలివియుండి మ్రింగగలిగినపుడు సుమారు మూడు చిన్న చెంచాల చక్కెరను, అనగా 15 గ్రాములను, నీటిలో కలిపి ఈయవలెను. పదిహేను నిమిషముల పిమ్మట మరల కొలిచి, ఇంకను 70 కంటె తక్కువయున్నచో మఱొకసారి ఈయవలెను. ఆతనిని ఒంటరిగా ఇంటికి పంపరాదు. తెలివి తప్పినచో నోట ఏమియు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ప్రక్కకు ఒత్తిగిల పండుకొనబెట్టి, వెంటనే 108 వాహనమును పిలిపింపవలెను. ఈ నాలుగు మాటలు తెలిసిన ఒక్క బాలుడు తరగతిలో నున్నను ఒక ప్రాణము నిలుపవచ్చును.

1922 జనవరిలో కెనడా దేశపు టొరంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ మందు నెక్కించిరి. అంతకుముందు మొదటి విధపు మధుమేహము వచ్చిన పిల్లలు కొలదికాలములోనే మరణించెడివారు. ఆనాడు మందు దొరకినది. ఎప్పుడు, ఎంత ఈయవలెనో చూచి చెప్పు కన్ను అప్పటికి లేదు. దాదాపు ఎనుబది సంవత్సరముల తరువాత ఆ కన్నును శాస్త్రము సమకూర్చినది. కాని కొలబద్ద వ్యాధిని మాన్పదు. చూపినదానిని చదువుకొని, ఆహారమును, శ్రమను, మందును సరిదిద్దుకొన్నవారికే అది ఉపకరించును. రాత్రి గంట మ్రోగినపుడు లేచి చక్కెర కలిపి యిచ్చు చేయి యొకటి కావలెను. పగలు తోడునిలుచు స్నేహితుడొకడు కావలెను. ఈ మూడును కూడినచో, ఇన్సులిన్ తీసికొను బాలుడు చదువునందును, ఆటయందును, ఆయువునందును తోడివారికి తీసిపోడు.